నాలుగు మీటర్ల వరకు

ఎర్ర మందు కొట్టాక పది నిమిషాలు ఆగాలి. ఆ పది నిమిషాలు షెడ్డు కూలినా ధనలక్ష్మి కదలదు. వెల్డింగు అతుకులో వెంట్రుకంత పగులున్నా మందు అందులోకి దూరడానికి అంత సేపు పడుతుంది. దూరాక పైపైన తుడవాలి. గుడ్డను క్లీనర్‌తో తడిపి, అన్నం తిన్న పిల్ల మూతి తుడిచినట్టు ఒకే వైపుకు తుడవాలి. అప్పుడు తెల్ల మందు కొడితే పగులున్న చోట ఎర్ర గీత తనంతట తానే పైకి తేలుతుంది. లేకపోతే తెల్లగానే ఉంటుంది. పరీక్ష ఇంతే. ఇందులో దొంగతనం కూడా ఇంతే సులువు. గుడ్డ పక్కన పడేసి డబ్బాలోంచి క్లీనర్‌ను నేరుగా అతుకు మీద కొడితే పగుల్లోని ఎర్రదనమంతా కడుక్కుపోతుంది. కాగితం మీద పాసైపోతుంది. రేపు ఆ అతుకున్న రియాక్టరు, మందులు ఉడికించే ఆ స్టీలు డబ్బా, ఏ మందుల కంపెనీలోనో కారితే ఎవరి మీద కారుతుందో వేరే చెప్పాలా? ఓనరు మీద మాత్రం కారదు.

మంగళవారం పొద్దున ఆమె మందు కొట్టింది రియాక్టరుకు కాదు, గుమ్మికి.

ఓనరు మురళీమోహన్ దానికి ఇంగ్లీషులో ఏదో పేరు పెట్టి, పసుపు రంగు వేయించి, పక్కన పెద్ద అక్షరాలతో రాయించాడు. ఫిట్టర్ నర్సింగ్ మాత్రం చూసిన రోజే "గిదేంది, వడ్లు పోసే గుమ్మి లెక్కున్నది" అన్నాడు. ఆ పేరే నిలబడింది. ఇద్దరు కూర్చుని నీళ్లలో మునిగి తిరిగే సొంత సబ్‌మెరైన్ అది. డబ్బున్నవాళ్లు కారు కొన్నట్టు, పడవ కొన్నట్టు, రేపు ఇది కొంటారని మురళీమోహన్ నమ్మకం. ఆ నమ్మకం రెండేళ్లుగా పటాన్‌చెరు షెడ్డు నడుమ, పెద్ద క్రేన్ కొక్కేనికి వేలాడుతూ కూర్చుంది. రియాక్టర్ల ముక్కల్ని దాని చుట్టూ తిప్పి మోసుకెళ్తున్నారు.

తెల్ల మందు ఆరింది. కిటికీ చుట్టూ ఉన్న అతుకులో, కింది వైపు, రెండంగుళాల ఎర్ర గీత పైకి వచ్చింది. ధనలక్ష్మి సుద్దముక్కతో దాని చుట్టూ గుండ్రం గీసింది.

"ఏందక్కా, వచ్చిందా?" నర్సింగ్ నిచ్చెన మీది నుంచి అడిగాడు.

"వచ్చింది. నవ్వుతున్నది సూడు."

మురళీమోహన్ ఫోనులో మాట్లాడుతూనే వచ్చి, గీత చూసి, ఫోను జేబులో పెట్టాడు. "ఎల్లుండి డెమో పెట్టుకుని ఇప్పుడా ఇది? ఏం కాదు. క్లీనర్ కొట్టి తుడిచెయ్."

"తుడిస్తె గీత పోతది సార్. పగులు పోదు."

"ధనలక్ష్మీ, నేను మెకానికల్ ఇంజనీర్ని."

"అవును సార్. నేను హెల్పర్ని. ఎర్రగున్నదా లేదా, మీరే సూసి చెప్పుండ్రి."

ఆయన చూడలేదు. అప్పటికే మజహర్ గ్రైండింగ్ మిషను తీసుకుని వస్తున్నాడు. ఆ అతుకు వేసింది ఆయనే. ముప్పై ఏళ్లుగా వెల్డింగు మంట చూసి చూసి కళ్లు ఎప్పుడూ చెమ్మగా ఉంటాయి. "జరుగు చెల్లె, నాదే తప్పు. నేను తవ్వుత," అని మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఓనరు వైపు చూడకుండా మిషను ఆన్ చేశాడు. నిప్పురవ్వలు పసుపు రంగు మీద పడి నల్లటి మచ్చలు చేస్తుంటే మురళీమోహన్ పళ్లు కొరుకుతూ ఆఫీసులోకి పోయాడు.

మజహర్ తవ్వాడు, మళ్లీ నింపాడు. ఆమె మళ్లీ మందు కొట్టింది. ఇంకా గోరంత మిగిలింది. మళ్లీ తవ్వాడు. మూడోసారి సాయంత్రం ఐదింటికి తెల్ల మందు తెల్లగానే ఆరింది. ధనలక్ష్మి పక్కకు వంగి, టార్చి వేసి, వేలు ఆనించకుండా అతుకు వెంబడి చూపు నడిపింది. పాలపొంగు లాంటి తెలుపు. "భాయ్, నీ చెయ్యి ఇంక ముసలిది కాలే," అంది. మజహర్ నవ్వి బీడీ వెతుక్కున్నాడు.

తర్వాత రిపోర్టు నింపింది. ఏ అతుకు, ఏ తేదీ, ఎన్ని నిమిషాలు, ఏం కనిపించింది, అంతా ఆమె రాతే. చివర "పరీక్షించినవారు" అని ఒక గడి ఉంటుంది. అది ఖాళీగా వదిలింది. సర్టిఫికెట్ ఉన్న సారు ఒకాయన నెలకోసారి బాలానగర్ నుంచి బండి మీద వస్తాడు. ఆ సర్టిఫికెట్ మీద లెవెల్ టూ అని ఉంటుంది కాబట్టి షెడ్డులో ఆయన్ని లెవెల్ సార్ అంటారు. అతుకు మొహం చూడకుండా ఆ గడి నింపడమే ఆయన పని. తొమ్మిదేళ్లుగా అలాగే నడుస్తోంది. చూసే కన్ను ఒకరిది, సంతకం ఒకరిది. దీన్ని క్వాలిటీ అంటారు.

బుధవారం పదింటికి తెల్ల కారు వచ్చింది. దిగినాయన సింగూరు వైపు నీళ్ల ఒడ్డున రిసార్టు నడుపుతాడు. ఆయన వెంట స్నిగ్ధ అనే అమ్మాయి, ఇన్సూరెన్స్ ఆఫీసు నుంచి. నేల మీద కేబుళ్లు దాటుతూ, బూట్లు చూసుకుంటూ నడుస్తోంది.

నర్సింగ్ మిషను చాటు నుంచి వేళ్లు లెక్కబెట్టాడు. "డాక్టర్ వచ్చిండు, లోపల కూసొని ఫొటో దిగి పోయిండు. ఫామ్‌హౌసాయన భార్యను తెచ్చిండు, ఆమె మెట్టెక్కంగనే ఊపిరి ఆడ్తలేదన్నది. స్కూలాయన పిల్లలకు సూపిస్తనన్నడు, మళ్ల రాలే. చేపల చెర్వాయన మా చేపలు భయపడ్తయన్నడు. ఇగ ఈయన అయిదో ఆయన."

"నోరు మూసుకోరా, ఈయన కొంటె అయినా కొక్కెం ఖాళీ అయితది," అన్నాడు మజహర్.

రిసార్టాయన గుమ్మిని ముద్దు చేసినట్టు తట్టాడు. లోపలికి వంగి చూశాడు. ఫొటో దిగాడు. స్నిగ్ధ మాత్రం ఒకటే అడిగింది. "దీన్ని ఎవరు సర్టిఫై చేశారండీ?"

మురళీమోహన్ అందుకోసమే లెవెల్ సార్‌ని ప్రత్యేకంగా పిలిపించాడు. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని గుమ్మి చుట్టూ ఒక చుట్టు తిరిగాడు. రెండో చుట్టు తిరగలేదు. "నాది రియాక్టర్లకు, ట్యాంకులకు, పైపులకు. ఇది నాది కాదు."

"అతుకు అతుకే కదండీ?"

"రియాక్టర్‌లో మనిషి కూర్చోడు కదా మురళీ గారూ!" అని ఆయన హెల్మెట్ తగిలించుకుని బండి స్టార్ట్ చేశాడు. ఇన్నేళ్లలో ఆయన ఏదైనా పరీక్షించి చెప్పింది ఇదొక్కటే.

మురళీమోహన్ గొంతు పెంచాడు. "నేను తిరగని ఆఫీసు లేదమ్మా! బాయిలర్ల వాళ్లనడిగితే నీళ్లు లోపలుంటే మాది, బయటుంటే మాది కాదన్నారు. పడవల వాళ్లనడిగితే పైన తేలేదే పడవ, మునిగితే అది ప్రమాదం అన్నారు. ఓడలకు సర్టిఫికెట్లిచ్చే బొంబాయి కంపెనీ వాళ్లేమో డ్రాయింగులో మొదటి గీత నుంచి తామే చూడాలట. రెండేళ్లట. వాళ్లకిచ్చే ఫీజుతో నేను ఇంకో రెండు గుమ్... ఇంకో రెండు బళ్లు కట్టుకోవచ్చు. ఏం చెయ్యమంటారు నన్ను?"

స్నిగ్ధ టాబ్లెట్ మూసింది. "నేనేం రాయనండీ మరి? కార్లయితే ఏడాదికి ఎన్ని గుద్దుకుంటాయో మా దగ్గర లెక్కలున్నాయి. దీనికి లెక్కే లేదు. దేశంలో ఇలాంటివి ఎన్నున్నాయో కూడా ఎవరికీ తెలీదు. ఎవరో ఒకరు బాధ్యతగా సంతకం పెట్టిన పేపర్ కావాలి."

"అంతే, పేపర్ ఒక్కటి ఉంటే..." అన్నాడు రిసార్టాయన, గడియారం చూసుకుంటూ.

మురళీమోహన్ షెడ్డంతా చూశాడు. ఆయన చూపు ధనలక్ష్మి మీద ఆగింది. "ఇదిగో, మా సీనియర్ ఇన్‌స్పెక్టర్. తొమ్మిదేళ్లుగా మా దగ్గర ప్రతి అతుకూ ఈవిడే చూస్తుంది. ఈవిడ పెడుతుంది సంతకం."

ధనలక్ష్మి వెనక్కి తిరిగి చూసింది, తన వెనుక ఇంకెవరైనా ఉన్నారేమోనని. జీతాల రిజిస్టర్‌లో తన పేరు పక్కన హెల్పర్ అని ఉంటుంది. ఇన్‌స్పెక్టర్ ఎప్పుడైంది? ఇప్పుడే, ఈ కారాయన ముందు.

కాగితం చేతికిచ్చారు. ఇంగ్లీషు. ఆమె చదివింది తెలుగులో పదో తరగతి. కాగితం స్నిగ్ధ వైపు తిప్పింది. "జెర సదివి చెప్పమ్మా."

"ఈ వాహనాన్ని పరీక్షించాను. ముప్పై మీటర్ల లోతు వరకు మనుషులు కూర్చుని మునగడానికి తగినదని ధ్రువీకరిస్తున్నాను. కింద మీ పేరు, సంతకం."

మీ పేరు. ఎన్నిసార్లు అడిగింది ఈ మాట కోసం! వెనుక మజహర్ దగ్గాడు. ఆ దగ్గు బీడీది కాదు.

"రేపు నీళ్లల్ల సూసినంక పెడ్త సార్," అంది ధనలక్ష్మి.

మధ్యాహ్నం టిఫిన్ల దగ్గర ఎవరూ సరిగ్గా తినలేదు. మజహర్ రొట్టె తుంపుతూ మొదలుపెట్టాడు. "డ్రాయింగుల రేకు ఎంత?"

"పదహారు మిల్లీమీటర్లు," అంది ధనలక్ష్మి.

"వేసింది ఎంత?"

"పది."

అది షెడ్డులో అందరికీ తెలుసు. ఏదో మందుల కంపెనీ ఆర్డరు రద్దయి పది మిల్లీమీటర్ల స్టీలు రేకులు మిగిలిపోయాయి. ఆ రేకులతోనే గుమ్మి చుట్టించాడు మురళీమోహన్. పది మిల్లీమీటర్ల రియాక్టర్లు ఆరు కేజీల ప్రెషర్ తట్టుకుంటున్నాయి, ఇదెంత అన్నాడు. ముప్పై ఏళ్లుగా రియాక్టర్లు కట్టేవాడికి తప్ప ఇంకొకరికి రాని ఆలోచన.

"రియాక్టర్ల లోపల్నుంచి తోస్తది చెల్లె. దానికి పది బస్. గిదాన్ని నీళ్లు బయట్నుంచి పిసుకుతయ్. నీళ్ల ప్యాకెట్ మూతికి పెట్టి గుంజు, ఏమైతది? పోయిన యేడు రియాక్టర్ మీది జాకెట్ల నీళ్లు నింపి టెస్టు చేస్తె లోపలి డబ్బా సొట్టబోలే? నా అతుకు గట్టిగనే ఉన్నది. రేకే పోయింది."

"పెట్టకక్కా," అన్నాడు నర్సింగ్. "దాన్ని నడిపేది నేను. మునిగితే గుమ్మితోటి నేను పోత, కాయితంతోటి నువ్వు పోతవ్. సార్ మాత్రం ఒడ్డు మీదుంటడు."

ధనలక్ష్మి డబ్బా మూత బిగించింది. "తొమ్మిదేండ్ల సంది నా పేరు రాయుండ్రి అంటున్న. సర్టిఫికెట్ లేదన్నరు. సదువు లేదన్నరు. ఇయ్యాల సర్టిఫికెట్ ఉన్నోడు బండెక్కి ఉరికిండు, గప్పుడు నా పేరు యాదికొచ్చింది." ఆమె కళ్లలో నీళ్లు లేవు. కోపంతో ముక్కుపుటాలు అదురుతున్నాయి. "పెట్టకపోతే ఇగ జన్మల అడగనియ్యరు. పెడితే అబద్ధం. ఏం జెయ్యాలె చెప్పుండ్రి?"

మజహర్ మిగిలిన సగం రొట్టె ఆమె డబ్బా మూత మీద పెట్టాడు.

గురువారం జిన్నారం అవతల పాత కంకర క్వారీ దగ్గరికి గుమ్మిని లారీ మీద తెచ్చారు. రాయి తీసిన గుంతలో నీళ్లు నిండి ఎన్నో ఏళ్లయింది. నాలుగు వైపులా నిలువు బండ. హైడ్రా క్రేన్ ఒకటి, దాని డ్రైవరు, సైగలు చేసేవాడు, రెండు వైపులా తాళ్లు పట్టుకునేవాళ్లు నలుగురు, బ్యాటరీ చూసే ఎలక్ట్రీషియను, నిచ్చెన వేసి మూత బిగించేవాళ్లు ఇద్దరు. ఎవరైనా మునిగితే తీయడానికి ట్రాక్టర్ ట్యూబుల మీద ఊళ్లో ఈతగాళ్లు ఇద్దరు. వాళ్లలో పెద్దాయన ఐలన్న. ఒడ్డున కుర్చీలో రిసార్టాయన, గొడుగు కింద స్నిగ్ధ.

నర్సింగ్ లోపల కూర్చున్నాడు. ఇంకో మనిషి బరువుకు సరిపడా ఇసుక సంచి పక్క సీట్లో పెట్టారు. మూత బిగించారు. హైడ్రా కొక్కెం వదిలింది. తాడు కట్టిన గుమ్మి నీళ్ల మీద ఒకసారి ఊగి, నిటారుగా తేలింది. మురళీమోహన్ చెయ్యి కిందికి ఊపాడు. నర్సింగ్ మునిగే ట్యాంకుల్లోకి నీళ్లు వదిలాడు. గుమ్మి మోకాలెత్తు దిగి ఆగిపోయింది. ఇంకా వదిలాడు. ఆగే ఉంది.

తాళ్లతో ఒడ్డుకు లాగి, బయటి నుంచి మూత తిప్పితే నర్సింగ్ తల బయట పెట్టాడు. "నిండినయ్ సార్! ఇగ ఏడ నింపాలె? నా నోట్లెనా?"

గట్టు మీద చూడవచ్చినవాళ్లు పగలబడి నవ్వారు. "సొరకాయ బుర్ర కట్టుకొని ఈత నేర్సుకుంటుండు!" అని ఎవరో అరిచారు.

పదహారు వేయాల్సిన చోట పది వేస్తే రేకు సన్నబడటమే కాదు, బరువు కూడా తగ్గింది. నాలుగు వందల కిలోల పైమాటే. రియాక్టరుకు బరువు తగ్గితే లాభం. లారీ కిరాయి కలిసొస్తుంది. మునగాల్సినదానికి బరువు తగ్గితే అది మునగదు. రెండేళ్లుగా షెడ్డులో కొక్కేనికి వేలాడుతున్నదాన్ని ఏ ఒక్కరూ నీళ్లలో పెట్టి చూడలేదు. మురళీమోహన్ మొహం ఎండలో కందగడ్డలా ఉంది. ఎవరినో తిట్టడానికి చుట్టూ చూశాడు. తిట్టడానికి తను తప్ప ఎవరూ లేరు. అందుకని ఎలక్ట్రీషియన్ని తిట్టాడు.

షెడ్డుకు మనిషిని పంపి పైపులకు బిగించే పనికిరాని ఫ్లాంజీ బిళ్లలు, ఇనుప కడ్డీలు తెప్పించారు. అవి వచ్చేసరికి రెండైంది. గుమ్మిని మళ్లీ బయటికి తీసి, కింద ఇనుప గొలుసులతో వాటిని కట్టారు. రిసార్టాయన రెండు కొబ్బరిబోండాలు తాగాడు. ఐలన్న ట్యూబు మీద కూర్చుని ఈ తతంగమంతా చూస్తున్నాడు.

"కింద ఏమున్నదని పోతున్నరు బిడ్డా?" అని ధనలక్ష్మిని అడిగాడు. "రాయి ఉన్నది. రాయి పైన గూడ ఉన్నది గదా."

"సూసొచ్చి చెప్త తాతా," అంది ఆమె. చెప్పులు విప్పి, చీర కొంగు బిగించి, నిచ్చెన ఎక్కింది.

"నువ్వెందుకు? సంచి చాలు కదా," అన్నాడు మురళీమోహన్.

"సంచి సంతకం పెట్టది సార్. నాలుగు మీటర్లకు తాడు కట్టుండ్రి. గంతకు మించి దింపుతె ఊకోను."

మూత పడగానే బయటి లోకం చప్పుడు తెగిపోయింది. తన ఊపిరి, నర్సింగ్ ఊపిరి, ఎక్కడో చిన్న మోటారు రొద. లోపలి వేడి బువ్వ కుండలో కూర్చున్నట్టుంది. మోకాళ్లు గుండెకు తగులుతున్నాయి. కిటికీ దాటి నీళ్లు పైకి పాకాయి. ముందు లేత ఆకుపచ్చ, తర్వాత పాకురు ఆకుపచ్చ, తర్వాత చాయ్ రంగు, తర్వాత ఏ రంగూ కాదు. ఒక మీటరు, రెండు, మూడు. తాడు బిగిసింది. నాలుగు.

చుక్క పడింది, ఆమె మెడ మీద.

ఇంకో చుక్క. ధనలక్ష్మి టార్చి వేసి, కిటికీ చుట్టూ అతుకు వెంబడి వేలు నడిపింది. పైన మొదలుపెట్టి, కుడి పక్క, కింది వైపు, మజహర్ మూడుసార్లు తవ్విన చోట, ఎడమ పక్క. పొడి. వేలికి దుమ్ము అంటింది తప్ప తడి లేదు. తల పైకెత్తింది. ఇద్దరి ఊపిరి ఆవిరై రేకుకు పట్టి చుక్కలుగా రాలుతోంది.

"మన ఊపిరేనే," అంది. మజహర్ అతుకు నీళ్లను ఆపింది. తన కన్ను దాన్ని పట్టుకుంది. కాగితమూ కుర్చీలో కూర్చున్నాయనా ఏమనుకున్నా ఇది నిజం.

తర్వాత బయటికి చూసింది. లైటు వేశారు. లైటు ముందు మూరెడు దూరం మట్టి రేణువులు కదులుతున్నాయి. దాని అవతల ఏమీ లేదు. కిటికీలో తన మొహం, వెనుక నర్సింగ్ మొహం.

"ఏం కనబడ్తుందక్కా?"

"మనం."

పన్నెండు నిమిషాల తర్వాత నర్సింగ్ ఒడ్డుకు వినిపించేట్టు పానాతో రేకును రెండుసార్లు కొట్టాడు. పైకి లాగారు. మూత లోపలి నుంచి తెరవడానికి లేదు. ఈతగాళ్లు పట్టుకుని, హైడ్రా ఎత్తి, నిచ్చెన వేసి, బయటి నుంచి తిప్పితేనే వస్తుంది. వెలుగు కళ్లలో పొడిచింది. పనికి నిలబడ్డవాళ్లను ధనలక్ష్మి లెక్కపెట్టింది. పదకొండు మంది. ఇద్దరు చీకట్లో కూర్చోవడానికి పదకొండు మంది ఎండలో నిలబడాలి. కారు కొన్నోడు తాళం తిప్పి పోతాడు. పడవ కొన్నోడు తెడ్డేసి పోతాడు. దీన్ని కొన్నోడు ఒక ఊరిని కొనుక్కోవాలి.

రిసార్టాయన కూడా దిగాడు. ఆరు నిమిషాలకే పానా అందుకుని రెండుసార్లు రేకు కొట్టాడు. చొక్కా వీపుకు అతుక్కుపోయి పైకి వచ్చాడు.

"ఎలా ఉంది సార్?" మురళీమోహన్ టవలు అందించాడు.

"బాగుంది, బాగుంది. ఏసీ రాదేమో కదా? బ్యాటరీ ఎంత సేపు?"

"గంటన్నర. ఛార్జింగుకు ఆరు గంటలు."

"ఈ హైడ్రా రోజూ కావాలా?" అంటూ ఆయన తాళ్లు చుడుతున్నవాళ్ల వైపు చూశాడు. పెదవులు కదిలాయి. ఆయన కూడా లెక్కపెడుతున్నాడని ధనలక్ష్మికి అర్థమైంది.

"అలవాటైతే మనుషులు తగ్గుతారు సార్."

"తగ్గుతారు, తగ్గుతారు. ముందు ఆ పేపర్ ఒక్కటి రానివ్వండి. మిగతాది చూద్దాం." చేతులు జోడించి కారెక్కాడు.

కారు దుమ్ము ఇంకా అణగకముందే మురళీమోహన్ అందరి వైపు తిరిగాడు. మొహం వెలిగిపోతోంది. "విన్నారా? పేపర్ ఒక్కటే!"

ఆయన విన్నది అది. ధనలక్ష్మి చూసింది వేరే. కానీ చూసింది చెప్పమని ఎవరూ అడగలేదు.

శుక్రవారం పొద్దున ఆమెను ఆఫీసులోకి పిలిచాడు. మొదటిసారి కుర్చీ చూపించాడు. బల్ల మీద కాగితం, పెన్ను. "కూర్చో. వచ్చే నెల నుంచి రిజిస్టర్‌లో హెల్పర్ కాదు, ఇన్‌స్పెక్టర్ అని రాయిస్తా. జీతం సంగతి కూడా మాట్లాడదాం. రియాక్టర్ల రిపోర్టుల మీద కూడా నీ పేరే. నువ్వు అడిగిందే కదా?"

"అవును సార్."

"నిన్న లోపల కూర్చున్నావు. నీళ్లొచ్చాయా?"

"రాలే."

"మరింకేం?"

ధనలక్ష్మి కూర్చుంది. పెన్ను తీసుకుంది. ఎర్ర మందు మరకలున్న వేళ్లతో ఇంగ్లీషు వాక్యం మీద ఈ చివర నుంచి ఆ చివరికి ఒక గీత కొట్టింది. "ఏయ్!" అన్నాడు మురళీమోహన్. ఆమె ఆగలేదు. కింద తెలుగులో, గుండ్రటి అక్షరాలతో, ఒక్కో మాటా ఒత్తి రాసింది. రాసి, పేరు మొత్తం రాసి, తేదీ వేసి, కాగితం ఆయన వైపు జరిపింది.

"కిటికీ చుట్టూ అతుకు నేను పరీక్ష చేసిన. పగులు లేదు. నాలుగు మీటర్ల లోతు దాకా నీళ్లు రాలేదు, నేను లోపలనే ఉన్న. అంతకు కింద నాకు తెల్వదు. డ్రాయింగుల రేకు పదహారు, ఏసింది పది. మనిషి దీంట్లె ఎందుకు దిగాలెనో అది గూడ నాకు తెల్వదు."

ఆయన మెడ ఎర్రబడింది. "ఈ చివరి ముక్క నిన్నెవరు అడిగారు?"

"ఎవ్వరడగలే సార్. గందుకే రాసిన."

చింపుతాడనుకుంది. చింపలేదు. ఓడిపోతున్నవాడు గడ్డిపోచను కూడా పట్టుకుంటాడు. నాలుగు మీటర్లకైనా పాలసీ ఇస్తారేమో! ఫోను తీసి స్నిగ్ధకు చేశాడు. స్పీకర్ పెట్టి చదివాడు. రేకు సంగతి నమిలేశాడు, చివరి వాక్యం ముందు ఆగిపోయాడు.

"ఇంకేదో ఉన్నట్టుందండీ, చదవండి," అంది స్నిగ్ధ.

"పెద్ద విషయం కాదు."

"మనిషి దీంట్లె ఎందుకు దిగాలెనో నాకు తెల్వదని రాసిన మేడమ్," అంది ధనలక్ష్మి, బల్ల మీదికి వంగి.

స్నిగ్ధ మెల్లిగా అంది. "రిసార్టు సార్ కూడా నిన్న కార్లో ఇదే అన్నారండీ. చెప్పకూడదేమో గానీ... మీరు ఇంకా దీని మీద తిరుగుతుంటే బాగుండదని చెప్తున్నా. ఆ పేపర్ మీరు తేలేరని ఆయనకు తెలుసు. అంత కష్టపడ్డ మనిషికి మొహం మీద వద్దని ఎలా చెప్తాం, పేపర్ అడిగితే పోతుంది అన్నారు. హంస బొమ్మ పెడల్ బోట్లు పన్నెండు ఆర్డరిచ్చారు. వాటికి పాలసీ చేసింది నేనే."

ఫోను ఆగిపోయాక కూడా మురళీమోహన్ దాన్నే చూస్తున్నాడు. డాక్టరు, ఫామ్‌హౌసాయన, స్కూలాయన, చెర్వాయన. అందరూ బాగుందన్నారు. అందరూ ఒక పేపరో, ఒక పర్మిషనో, ఒక సాకో అడ్డం పెట్టి, చేతులు జోడించి పోయారు. రెండేళ్లు ఆయన పేపర్ల కోసం తిరిగాడు.

"ఇది ఎవరూ కొనరని నీకెప్పటి నుంచి తెలుసు?" అన్నాడు.

"గుమ్మి రేకు చుట్టిన నాటి సంది. మజహర్ భాయ్‌కి తెలుసు, నర్సింగ్‌కి తెలుసు. చాయ్ తెచ్చేటామెకు గూడ తెలుసు."

"మరి ఒక్కరైనా చెప్పారా?"

"మీరు అడిగిండ్రా సార్?"

ఆయన లేచి అద్దాల కిటికీ దగ్గరికి పోయి షెడ్డులోకి, రాత్రి లారీ దిగి మళ్లీ కొక్కేనికి ఎక్కిన గుమ్మి వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత తలుపు తెరిచి, ఎవరితోనో కాదు, షెడ్డుతోనే అన్నట్టు అరిచాడు. "దింపండి దాన్ని!"

గంటలో గుమ్మి గోడ పక్కకు పోయింది. రెండు నెలలుగా నేల మీద పడి ఉన్న రియాక్టరు షెల్లును క్రేన్ ఎత్తింది. మజహర్ అతుకు పూర్తి చేసేసరికి సాయంత్రమైంది. ధనలక్ష్మి ఎర్ర మందు కొట్టింది. పది నిమిషాలు నిలబడింది. తుడిచింది. తెల్ల మందు కొట్టింది. తెల్లగా ఆరింది. రిపోర్టు నింపి, చివరి గడి దగ్గర ఒక్క క్షణం కూడా ఆగకుండా తన పేరు రాసింది. ఇన్‌స్పెక్టర్ అని రాయలేదు. ఆ మాట ఆయన ఇంక ఎత్తలేదు, ఎత్తడని ఆమెకూ తెలుసు. ఒట్టి పేరు రాసింది.

"అక్కా, సార్ వస్తుండు," అన్నాడు నర్సింగ్.

మురళీమోహన్ వచ్చి కాగితం చూశాడు. పేరు చూశాడు. కొట్టెయ్యలేదు. బాగుందనీ అనలేదు. మొహం నిండా పొద్దుటి చేదు ఉంది, దాన్ని ఎవరో ఒకరి మీద ఉమ్మాలి.

"ఊఁ, రియాక్టర్ గురించి కూడా ఏమైనా చెప్పేదుందా మేడమ్? అదొక్కటే తక్కువ, చెప్పండి!"

మజహర్ తల తిప్పుకున్నాడు. ధనలక్ష్మి చేతిలోని గుడ్డ మడిచి పక్కన పెట్టింది. కాలితో స్టూలు ఆయన వైపు జరిపింది.

"ఉన్నది సార్. కూసోండ్రి, శాన సేపు పడ్తది."